డబ్బా వెనుక బొటనవేలి చోటు

ఆ రోజు ఉదయం పదీ ఇరవైకి టీ వచ్చింది. పత్తర్‌గట్టీ కమాన్ల వెనుక సందులో ఉన్న మా నాణేల దుకాణానికి టీ రోజూ ఆ వేళకే వచ్చేది. సేఠ్ సాసర్‌లో పోసుకుని ఊదుతుండగా నలుగురు మెట్లెక్కారు. ముందు డెబ్భై దాటిన ఒక పెద్దావిడ, ఆమె మోచెయ్యి పట్టుకుని కొడుకు. వాళ్ల వెనుక ఆ కొడుకు స్నేహితుడు, భూతద్దం పెట్టుకునే చిన్న తోలు సంచితో. కాస్త ఎడంగా, వేరే ఆటోలో వచ్చిన కూతురు. నేను కుర్చీలు, స్టూళ్లు వేశాను. కూతురు తన స్టూలును గోడ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. తల్లి ఆమె వైపు చూడలేదు.

ఆ తల్లి కూతురితో మాట్లాడి అప్పటికి మూడేళ్లు దాటింది. కారణం ఒక బంగారు అష్రఫీ, నిజాం కాలపు నాణెం. వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచి ఉన్నది. తండ్రి కోర్టులో ఉర్దూ కాగితాలను ఇంగ్లీషులోకి రాసిపెట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక అన్న బీరువా తెరిచి చూస్తే నాణెం లేదు. అది చెల్లెలి దగ్గర ఉందని తర్వాత తెలిసింది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, అమెరికా కంపెనీ చీటీతో ఉంది. నాన్న బతికి ఉండగానే డబ్బాతో సహా ఇచ్చాడని ఆమె అంది. నాన్న పోయిన నెలలో కూడా అది బీరువాలో మఖ్మల్ సంచిలో ఉందని, ఆ తర్వాత ఆమె తీసుకెళ్లి, ఎప్పుడో ఇచ్చినట్టు కనిపించేందుకు డబ్బాలో పెట్టించిందని అన్న అన్నాడు. తల్లి కొడుకు మాట నమ్మింది.

కోర్టుకు వెళ్లడం ఇద్దరికీ ఇష్టం లేదు. తండ్రి వాడుకగా వచ్చే దుకాణం మాది. డబ్బా ఎప్పటిదో మేము చెబితే ఒప్పుకుంటామని ఇద్దరూ కబురు పంపారు. అది తండ్రి పోకముందుదైతే అన్న మాట నిలవదు. తర్వాతిదైతే చెల్లెలి మాట నిలవదు. ఆ రోజు నేను తేల్చవలసింది అదొక్కటే.

ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్నవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి.

నేను తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ని. చరిత్రలో ఎం.ఏ. చేసి, సరైన ఉద్యోగం దొరక్క, తొంభైల మొదట్లో ఈ దుకాణంలో చేరాను. అమ్మకానికి వచ్చిన నాణేల వివరాలు ఇంగ్లీషులో రాసిపెట్టడం నా పని. సేఠ్ తాతల నుంచి పాతబస్తీ మనిషి. పాత వెండి సామాను, నాణేలు కొనేవాడు, అమ్మేవాడు. చదివింది తక్కువే కానీ నాణేన్ని పాలరాతి ముక్క మీద వదిలి ఆ మోత చెవితో విని మంచిచెడ్డలు చెప్పేవాడు. అక్కడికి వచ్చే కొనుగోలుదారులు కూడా అంతే. చేత్తో పట్టుకోవాలి, మోగించాలి, అప్పుడు బేరం.

డబ్బాలు రావడం మొదలైనప్పుడు వాళ్లకు చిరాకు కలిగింది. అమెరికాలో కొన్ని కంపెనీలు నాణేన్ని పరీక్షించి, డెబ్భైకి ఇన్ని అని మార్కులు వేసి, ఆ మార్కులు రాసిన చీటీతో సహా గట్టి ప్లాస్టిక్‌లో సీలు చేసి పంపేవి. అక్కడ ఉన్న బంధువుల చేత ఇక్కడివాళ్లు తమ నాణేలు అలా చేయించుకునేవారు. కానీ డబ్బాలో ఉన్న నాణెం మోగదు. మోగని నాణేన్ని మా సందులో ఎవరూ కొనరు. అందుకని కొత్తగా కొన్న నాణెం డబ్బాలో ఉంటే సేఠ్ పట్టకారు తెప్పించి, అంచు దగ్గర నొక్కి, డబ్బా పగలగొట్టి నాణెం బయటికి తీసేవాడు. నాణెం పాలరాయి మీదికి, ప్లాస్టిక్ ముక్కలు చెత్తబుట్టలోకి వెళ్లేవి.

నేను ఆ ముక్కలు ఏరి దాచేవాణ్ని. మొదట చీటీ మీద అక్షరాల కోసం. తర్వాత, చీటీలు ఒకేలా ఉండడం లేదని గమనించాక, డబ్బాల కోసమే.

"ఏంది సారూ, కచరా ఏరుకుంటున్నవ్?" అన్నాడు సేఠ్ ఒకసారి.

"నిరుడు వచ్చిన డబ్బాలు వేరండి, ఇప్పుడు వస్తున్నవి వేరు. కంపెనీవాళ్లు మారుస్తున్నారు."

"మార్చనీ. మనం అమ్మేది నాణెమా, డబ్బానా?"

"నాణెమే. కానీ డబ్బా ఎప్పటిదో తెలిస్తే, నాణెం అమెరికా ఎప్పుడు పోయి వచ్చిందో తెలుస్తుంది."

"తెల్సుకొని ఏం జేస్తవ్? జాతకం రాసి పెండ్లి జేస్తవా దానికి?"

ఆ తర్వాత కొన్నాళ్లు నన్ను కచరా సార్ అని పిలిచారు. నేను కాదనలేదు. ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బాలో ఆ ముక్కలు పెట్టి, ప్రతిదాని మీదా మా దగ్గరికి వచ్చిన నెల పెన్సిల్‌తో రాసుకున్నాను. ఏళ్లు గడిచేసరికి ఒక్క కంపెనీవే మూడు రకాలు తేలాయి. మొదటి రకానికి అంచు నున్నగా ఉండేది. చీటీ చుక్కలు చుక్కలుగా అచ్చయి ఉండేది. వెనుక ఏమీ ఉండేది కాదు. రెండో రకానికి, ఒకదాని మీద ఒకటి పేర్చినా జారకుండా అంచు చుట్టూ సన్నటి గట్టు వచ్చింది. వెనుక కింది మూలన మెరిసే హోలోగ్రామ్ స్టిక్కర్ అంటించేవారు. మూడో రకంలో ఆ స్టిక్కర్ పోయి, మెరుపు లోపల చీటీలోకే వచ్చింది. చీటీ మీద షాపుల్లో ఉండే నల్లగీతల కోడ్ కూడా చేరింది.

ఇందులో ఒక చిన్న జాగ్రత్త ఉంది. డబ్బా మా దుకాణానికి వచ్చిన నెల అది తయారైన నెల కాదు. ఆ నెల తర్వాత తయారై ఉండదని మాత్రమే అర్థం. అంతకు మించి దానితో చెప్పించకూడదు. ఈ మాట నేను కుర్రవాళ్లకు చెప్పినప్పుడు వాళ్లు తల ఊపి, వెంటనే మరచిపోయేవారు.

ఇక మా మేస్త్రి గురించి.

అతనిది ధూల్‌పేట్. ఇంటిల్లిపాదీ వినాయక విగ్రహాలు చేసేవారు. పండగ ముందు రెండు నెలలు దుకాణానికి వచ్చేవాడు కాదు. మిగతా రోజుల్లో మా వెండి పళ్లాలు, అత్తర్‌దానులు ఎర్రటి పొడి అద్దిన మెత్తటి గుడ్డతో రుద్ది మెరిపించేవాడు. ఎడమచేతి వాటం మనిషి. చేతిలోకి వచ్చిన వస్తువును నున్నగా చేయకుండా కింద పెట్టలేడు. విగ్రహాల తొండాలు, బొజ్జలు రుద్ది రుద్ది వచ్చిన అలవాటది. ఈ అలవాటు తెలిసే సేఠ్ అతనికి మొదటి రోజే గట్టిగా చెప్పాడు: నాణేలు ముట్టొద్దు. పాత నాణేన్ని రుద్దితే దాని విలువ పోతుంది. మేస్త్రి పదేళ్లలో ఒక్క నాణెం ముట్టలేదు.

తొంభైల చివర ఒక రోజు సేఠ్ కౌంటర్ మీద ఉన్న డబ్బా ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు. అది ఒక కొనుగోలుదారు చూసిపెట్టమని వదిలి వెళ్లినది.

"దీన్ని ఎవరు ముట్టిన్రు?"

"నేనే సేఠ్," అన్నాడు మేస్త్రి. "మస్తు గీతలుండె. చాయ్ తాగేలోపు తుడిచి పెట్టిన. ఇప్పుడు చూడుండ్రి, అద్దం లెక్క ఉన్నది."

"ఎనక స్టిక్కర్ ఏది?"

"స్టిక్కరా?" మేస్త్రి కాసేపు ఆలోచించాడు. "అగో, అదా. దుకాణం చీటేమో అనుకున్న. కొంచెం సతాయించింది, పోయింది."

సేఠ్ కుర్చీలో కూర్చుండిపోయాడు. "అది కంపెనీ మొహర్ భాయ్. అది లేకపోతే ఈ డబ్బా ఎవడు నమ్ముతడు?"

"నాణెం ముట్టొద్దన్నరు. ముట్టలే. డబ్బా ముట్టొద్దని ఎవరన్నరు సేఠ్?"

సేఠ్ డబ్బాను కౌంటర్ మీద బోర్లించాడు. తర్వాత అడిగాడు. "ఇట్లాంటివి ఎన్ని తుడిచినవ్?"

"ఏమో, గుర్తు లేదు. ఎవరొచ్చి కూసున్నా, మీరు ముచ్చట పెడ్తుంటిరి గదా. ఆళ్లు చాయ్ తాగేలోపు తుడిచి చేతికిచ్చిన."

ఎవరి డబ్బాలు తుడిచాడో అతనికీ తెలియదు, మాకూ తెలియదు. పాడైన ఆ డబ్బాలోని నాణేన్ని సేఠ్ తనే కొనుక్కున్నాడు. డబ్బా పగిలి నా బిస్కెట్ల డబ్బాలో చేరింది. దాని మీద నెల రాసి పెట్టాను.

ఆ రోజు నుంచి మేస్త్రి ప్లాస్టిక్ ముట్టలేదు. కౌంటర్ మీది డబ్బా అందుకోమంటే చేతికి గుడ్డ చుట్టుకుని, మూల పట్టుకుని అందించేవాడు. మేము నవ్వేవాళ్లం. అతను నవ్వేవాడు కాదు. ఎప్పుడైనా ఇద్దరమే ఉన్నప్పుడు నన్ను అడిగేవాడు.

"సారూ, గా డబ్బాలోళ్లు ఎవరన్న వచ్చి లొల్లి జేసిన్రా?"

"ఎవరూ రాలేదు. మరిచిపో."

"రాలేదంటే నష్టం కాలేదనా, లేకుంటే ఆళ్లకు ఇంకా తెల్వదనా?"

నేను రెండోది అనుకునేవాణ్ని. మొదటిది చెప్పేవాణ్ని.

అతను పండగ ముందు రోజుల్లో పోయాడు. గుండె ఆగింది. నేను ధూల్‌పేట్ వెళ్లేసరికి టార్పాలిన్ షెడ్డు కింద రంగు వేయని విగ్రహాలు వరసలుగా ఉన్నాయి. కొన్ని నున్నగా పూర్తయ్యాయి, కొన్ని గరుకుగా ఉన్నాయి. వాటిలో అతని చెయ్యి పడ్డవి ఏవో నాకు తెలిశాయి. అక్కడ ఆ మాట చెప్పడానికి ఎవరూ ఖాళీగా లేరు. పండగ ఆగదు కదా. ఇంట్లోవాళ్లు దినాలయ్యాక మిగిలినవి పూర్తిచేశారు.

ఆ మరుసటి ఏడాది ఆ అన్నాచెల్లెళ్ల తండ్రి, కోర్టు పెద్దాయన, పోయాడు. అప్పటికి మా దుకాణానికి మూడో రకం డబ్బాలే వస్తున్నాయి.

ఇప్పుడు టీ చల్లారుతున్న ఆ ఉదయానికి వస్తాను.

కూతురు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చేతిరుమాలులో చుట్టిన డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టింది. అన్నగారి స్నేహితుడు కంప్యూటర్ ఇంజనీరు, నాణేలు సేకరించే కుర్రవాడు. మర్యాదస్తుడు. ముందుగా అతనే మాట్లాడాడు.

"సార్, నేను నెట్‌లో ఫొటోలతో పోల్చి చూశాను. అంచుకు గట్టు ఉంది, చీటీ మీద నల్లగీతల కోడ్ లేదు. ఇలాంటి డబ్బాకి వెనక హోలోగ్రామ్ ఉండాలి. దీనికి లేదు. ఊడిపోతే జిగురు మరకైనా ఉండాలి కదా, అదీ కనపడట్లేదు. చీటీ మీది నంబరు కంపెనీ సైట్‌లో ఉంది, ఎప్పటిదో మాత్రం అక్కడ లేదు. పైగా నంబరు ఎవరైనా చూసి అచ్చేయొచ్చు. ఈ మధ్య బయట నకిలీ డబ్బాలు చేస్తున్నారు. ఇదీ అలాంటిదేమో అని నా అనుమానం."

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. అతని స్థానంలో ఉంటే నేనూ అదే చెప్పేవాణ్ని.

"నాన్న ఇచ్చిననాడు కూడ ఇట్లనే ఉండె," అంది కూతురు. "ఎనక ఏం లేకుండె."

"నువ్వు ఉండె అంటే ఉన్నట్టు, లేకుండె అంటే లేనట్టా?" అన్నాడు అన్న.

"అన్నా, నాకు నాణెం వద్దు. నువ్వే ఉంచుకో. దొంగ అనే మాట ఒక్కటి తీసెయ్."

"ముందు చాయ్ తాగుండ్రి," అన్నాడు సేఠ్. "చాయ్ చల్లారినంక తాగితే లొల్లి ఇంకా పెద్దగైతది."

నేను డబ్బా తీసుకుని గుమ్మం దగ్గరికి, ఎండ పడే చోటికి వెళ్లాను. ముందువైపు చూశాను. అన్నేళ్లు చేతులు మారిన ప్లాస్టిక్ మీద సన్నటి గీతలు ఉంటాయి, మసక ఉంటుంది. దీని మీద లేవు. చీటీ అంచులు పసుపు తిరిగాయి, దాని మీది ప్లాస్టిక్ మాత్రం కొత్తగా ఉంది. ఆ కుర్రవాడి అనుమానానికి అదీ ఒక కారణమై ఉంటుంది. వెనక్కి తిప్పాను. వెనుక కూడా అంతే మెరుపు. వాలుగా పట్టి చూస్తే, కింద కుడి మూలన మాత్రం బొటనవేలు పట్టేంత మేర మసకగా ఉంది. అక్కడ గీతలు ఉన్నాయి. గోరుతో అంచు గట్టు పక్క సందు గీశాను. గోటికి ఎర్రగా అంటింది.

గోరు ఎండకు పెట్టి చూశాను. ఆ ఎరుపు నేను పదేళ్లు రోజూ చూసినదే.

లోపలికి వచ్చి బిస్కెట్ల డబ్బా దించాను. మేస్త్రి తుడిచిన పాత డబ్బా పెంకు వెతికి తీసి, దీని పక్కన పెట్టాను. రెండింటి వెనుకా అదే మెరుపు. రెండింటికీ కింద కుడి మూలన అదే మసక చోటు. రెండింటి గట్టు సందులోనూ ఎర్రటి పొడి.

"మీ భూతద్దంతో మీరే చూడండి," అని కుర్రవాడికి ఇచ్చాను. "ఆ మసక చోటు మీద చూడండి. నిదానంగా."

అతను చాలాసేపు చూశాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. "ఉంది సార్. బియ్యపు గింజలో సగం ఉంటుంది. రంగులు మారుతోంది. హోలోగ్రామ్ ముక్కే."

"ఏంది, ఉన్నదా లేదా?" అన్నాడు అన్న.

"ఉండేది. ఎవరో రుద్ది తీసేశారు. ఈ మూల ఒక్కటీ వేలి కింద పడి మిగిలింది," అన్నాడు కుర్రవాడు.

సేఠ్ సాసర్ కింద పెట్టి లేచి వచ్చాడు. రెండు డబ్బాలూ చూశాడు. ఆయనకు భూతద్దం అక్కర్లేకపోయింది.

"ఎవరో కాదు. మనోడే," అన్నాడు నాతో.

తర్వాత డబ్బా ఎత్తి, వెనుకవైపు తనకు కనిపించేలా పట్టుకుని, అన్నకు చూపించాడు. "ఇగో, నేను తుడిస్తే కుడి చేత్తో తుడుస్త. ఎడమ చేత్తో పట్టుకుంట. నా వేలు ఈ ఎడమ దిక్కు పడ్తది. మా మేస్త్రిది ఎడమచెయ్యి వాటం. కుడి చేత్తో పట్టుకుంటుండె. ఆయన వేలు ఆ దిక్కు పడుతుండె. పొడి గూడ ఆయనదే, వెండికి వాడేది. ప్లాస్టిక్‌కు వెండి తుడిచే పొడి పెట్టి రుద్దేటోడు ఈ షహర్‌ల ఇంకొకడు లేడు. మీ నాయన ఇక్కడ నాతోని చాయ్ తాగుతుంటే తుడిచి ఉంటడు."

"అయితే ఆయన్ని పిలువుండ్రి," అన్నాడు అన్న. "ఆయన్నే అడుగుదం."

"ఏడికెల్లి పిలువాలె?" అన్నాడు సేఠ్. "ఆయన పోయిండు. మీ నాయన కంటే ఏడాది ముందట పోయిండు. పోక ముందు చానా ఏండ్ల నుంచే డబ్బాలు ముట్టుడు బంద్ జేసిండు. నేను తిట్టిన గదా."

కుర్రవాడు భూతద్దం తోలు సంచిలో పెట్టేశాడు. ఆ ఒక్క సంగతితో లెక్క తేలిపోయింది. మేస్త్రి రుద్దాడంటే, మేస్త్రి ఉన్నప్పుడే ఈ డబ్బా ఉంది. మేస్త్రి ఉన్నప్పుడు ఉందంటే, పెద్దాయన ఉన్నప్పుడు ఉంది.

నేను చెప్పవలసింది ఇంకొంచెం ఉంది. దాన్ని దాటవేయకూడదని అనుకున్నాను.

"డబ్బా తన యజమాని ఎవరో చెప్పదండి," అన్నాను అన్నతో. "ఎప్పటిదో చెబుతుంది. మీ నాన్నగారు పోవడానికి కొన్నేళ్ల ముందే నాణెం ఇందులోకి వెళ్లింది. అంచు అతుకు ఎక్కడా చెదరలేదు. మధ్యలో తెరిచి ఉంటే తెల్లగా చిట్లేది. అంటే మళ్లీ బయటికి రాలేదు. ఆయన పోయిన నెలలో ఈ నాణెం మఖ్మల్ సంచిలో ఉండడం కుదరదు. మీరు చూసింది ఏమిటో మీరే చెప్పాలి."

అతను చాలాసేపు డబ్బా వైపు చూశాడు.

"సంచి చూసిన," అన్నాడు.

"ముడి విప్పినవా?" అన్నాడు సేఠ్.

"అప్పుడు విప్పలే. చేతికి గుండ్రంగ తగిలింది. నాన్న పోయినంక విప్పితే ఇత్తడి మెడల్ ఉండె. నాణెం తీసి, మెడల్ పెట్టి పోయిందనుకున్న."

"అది నాన్న స్కూల్ మెడల్ అన్నా," అంది చెల్లెలు. "ఖాళీ సంచి కట్టిపెట్టుడు బాగుండదని నా ముందట్నే ఏసిండు. ఇప్పుడే ఎవరికి చెప్పకు, నేనే చెప్త అన్నడు. నాణెం మీది ఫార్సీ అక్షరాలు నేనొక్కదాన్నే నేర్చుకున్న, అందుకని నాకిచ్చిండు. చెప్పకముందే పాయె."

"అప్పుడు అడిగితే ఈ మెడల్ ముచ్చట ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడుగలే అన్నా. నాణెం ఏదని అడిగినవ్. నాన్న ఇచ్చిండని చెప్పిన. ఆ మాట ఇనంగనే లేచి పోయినవ్."

అన్న కుర్చీలోంచి లేచాడు. నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. అతను అబద్ధమాడాడని నేను ఆ రోజు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. చేతికి గుండ్రంగా తగిలినదాన్ని నాణెం అనుకున్నాడు. విప్పి చూసి ఉంటే ఆ మూడేళ్లు ఉండేవి కావు.

అంతసేపూ ఒక్క మాట కూడా మాట్లాడని తల్లి చెయ్యి చాచింది. "ఇటియ్యి."

నేను డబ్బా ఆమె చేతిలో పెట్టాను. కళ్లకు బాగా దగ్గరగా పట్టుకుని ముందూ వెనుకా చూసింది. బొటనవేలితో ప్లాస్టిక్‌ను ఒకసారి నిమిరింది. తర్వాత గోడ దగ్గరున్న స్టూలు వైపు తిరిగింది.

"గింత దానికా బిడ్డా, గన్నేండ్లు?" అంది.

కూతురు లేచి, స్టూలును తల్లి కుర్చీ పక్కకు తెచ్చుకుని కూర్చుంది. సేఠ్ మళ్లీ టీ చెప్పాడు. ఈసారి అందరూ వేడిగా ఉండగానే తాగారు.

వెళ్లేటప్పుడు కూతురు డబ్బా గట్టు పక్కనున్న ఎర్రపొడి చూసి అడిగింది. "ఇది తుడిచిస్తరా సార్?"

"వద్దమ్మా. అలాగే ఉంచండి," అన్నాను.

కుర్రవాడు మాత్రం ఆగాడు. బిస్కెట్ల డబ్బా మొత్తం కౌంటర్ మీద పరిచి, మూడు రకాలూ ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకున్నాడు. ఫొటోలు తీసుకున్నాడు. తర్వాత అతను చాలాసార్లు వచ్చాడు. ఈ విషయంలో ఇవాళ నాకంటే అతనికే ఎక్కువ తెలుసు. చీటీలో అక్షరాల మందం చూసి, రెండో రకంలోనే ముందువీ వెనుకవీ వేరు చేశాడు. అది నేను గమనించలేదు. అతను గమనించినందుకు నాకు సంతోషంగానే ఉంది.

సాయంత్రం షట్టర్ దించుతూ సేఠ్ అన్నాడు. "మన కచరా పనికొచ్చింది సారూ."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పు అది. తక్కువని నేను ఎప్పుడూ అనుకోలేదు. రాసిన జాబితాలు వందల్లో ఉంటాయి. అచ్చయినవాటిలో నా పేరు ఎక్కడా లేదు. ఆ పనులన్నిటి గురించి నాకు గర్వం ఉందని చెప్పలేను. ఆ ఒక్క ఉదయం గురించి ఉంది. అందులో సగం నాది, సగం మేస్త్రిది. నేను ముక్కలు దాచాను. అతను తప్పు చేశాడు. స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉన్నా, దాన్నీ నకిలీ అనే వీలుండేది. రెండూ లేకపోతే ఆమె దొంగగానే మిగిలిపోయేది.

ఆ వారంలోనే ధూల్‌పేట్ వెళ్లాను. మేస్త్రి భార్య షెడ్డు ముందు కూర్చుని మట్టిలో రాళ్లు ఏరుతోంది. పీట వేసింది. జరిగింది మొదటి నుంచి చెప్పాను. ఆమె పని ఆపకుండానే విన్నది.

"ఆ డబ్బాల ముచ్చట పోయేదాంక చెప్తుండె," అంది చివరికి. "ఎవరికో నష్టం జేసిన్నని. పండగకు కూడ అదే ఫికర్. నేను తిడ్తుండె, ఊకో, ప్లాస్టిక్ ముక్కకు ఇంత ఏడుపా అని."

"నష్టం కాలేదు. అది చెబుదామనే వచ్చాను."

"అయితే ఇంకా నయం." మట్టిలోంచి ఒక రాయి తీసి పక్కకు వేసింది. "జర ముందు తెలిస్తే బాగుండు ఆయనకు."

నేనూ వంగి మట్టిలోంచి ఒక రాయి ఏరాను. మేస్త్రి అడిగిన ప్రశ్నకు నేను నష్టం కాలేదనే మొదటి జవాబు చెప్పి, రెండోది నమ్మేవాణ్ని. నా నమ్మకం తప్పయింది. నోటితో చెప్పిందే నిజమైంది. నిజమైందని అతను వినలేదు.

సేఠ్ కూడా పోయి కొన్నేళ్లయింది. దుకాణం ఉంది, ఆయన మనవడు నడుపుతున్నాడు. కొనేవాళ్లు ఫోన్‌లోనే నంబరు చూసుకుని కొంటారు. డబ్బాలు పగలగొట్టడం లేదు. పాలరాతి ముక్కను కాగితాల మీద బరువుగా పెట్టారు. మొన్న వెళ్లినప్పుడు కుర్చీ వేసి టీ తెప్పించారు. నా చేతిలో ఒక డబ్బా ఉంది, గీతలు పడ్డది. టీ తాగి, దాన్ని అలాగే జేబులో పెట్టుకుని వచ్చాను. వచ్చినవాళ్లు చాయ్ తాగేలోపు వాళ్ల డబ్బాలు ఇప్పుడు అక్కడ ఎవరూ తుడిచి ఇవ్వరు.